కల్తీ రాయి

"ప్రమాదం ఎక్కడో దూరంగా పొంచి ఉంటుందనుకోవడం మన అజ్ఞానం! అది మన ఇంట్లోనే, మన సోఫాలోనే, మన పక్కనే కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది!"

ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించినవారు ప్రజా భద్రతా శాఖ డిప్యూటీ డైరెక్టరు గారు. ఆ ఒక్క ఏడాదిలోనే నూటపద్నాలుగు సభల్లో ప్రసాదించారు. గ్యాసు సిలిండరు, ఇస్త్రీపెట్టె, నిచ్చెన, బాత్రూములో అరిగిపోయిన సబ్బుముక్క... ఆయన ఉపన్యాసంలో తల దించుకోని వస్తువంటూ లేదు. విన్నవాళ్ళు ఇంటికెళ్ళి సోఫాలో కూర్చోవడానికి కూడా జంకేవారు.

ఆయన ఇంట్లో మాత్రం ఇస్త్రీపెట్టె తీగ మూడుచోట్ల అతుకులతో వేలాడుతూ ఉండేది. "అది ఉపన్యాసంలో చూపించడానికి ఉంచానే" అనేవారు భార్యతో. అలా చూపించడానికి ఉంచిన వస్తువులతోనే ఆ సంసారం గడిచిపోతోంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. డిప్యూటీ గారు, ఆయన భార్య, ఆమె తల్లి. ఈ అత్తగారు ముప్పై ఏళ్ళపాటు రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు ప్రకటించి రిటైరైన మనిషి. ఆవిడ ఉప్పు అందించమని అడిగినా, ఏదో బండి రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందేమోనని వినేవాళ్ళు సర్దుకుని నిలబడేవారు.

ఇక సముద్రం ఆ ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, డైరెక్టరు గారి వల్ల. డైరెక్టరు గారి హాల్లో ఓ పెద్ద సముద్రపు అక్వేరియం ఉంది. అందులో రంగురంగుల చేపలు, వాటి వెనక పగడాలు. "పగడాన్ని పెంచగలిగినవాడే పరిపాలన చెయ్యగలడు" అని ఆయన ఒకసారి టీ తాగుతూ అన్నారు. అంతే! శాఖలో పైకి రావాలనుకున్న ప్రతివాడి ఇంట్లోనూ నెల తిరక్కుండా సముద్రం వెలిసింది. రెండు అక్వేరియాలు పెట్టినవాడికి రెండు మెట్లు ఒకేసారి ప్రమోషనట అని ఒక పుకారు కూడా లేచింది.

డిప్యూటీ గారికి చేపలంటే ఇష్టమూ లేదు, పగడమంటే ఉంగరంలో తప్ప చూసిందీ లేదు. అయినా ఆరడుగుల గాజుపెట్టె తెచ్చి హాల్లో ప్రతిష్ఠించారు.

"ఇంట్లోకి ఉప్పు ప్యాకెట్టు తెమ్మంటే నాలుగు రోజులు మర్చిపోతారు. చేపలకి మాత్రం బస్తాలకి బస్తాలు ఉప్పు తెస్తారు" అంది భార్య.

"అది మామూలు ఉప్పు కాదే. హోదా ఉన్న ఉప్పు!" అన్నారు డిప్యూటీ గారు.

ఒక శుక్రవారం డైరెక్టరు గారు వరండాలో ఎదురుపడి, "రేపు సాయంత్రం మీ సముద్రం చూడ్డానికి వస్తున్నానయ్యా, సతీసమేతంగా" అన్నారు. డిప్యూటీ గారికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి వచ్చి అక్వేరియం వంక చూశాక మాత్రం గుండె జారిపోయింది. నడిమధ్య రాయి మొత్తం గోధుమరంగు గుండీలతో నిండిపోయి ఉంది. గుండీ పగడాలంటారు వాటిని. చొక్కా గుండీలంత ఉండే బతికున్న జీవులు. రాయికి అంటుకుని, ఒకదాని పక్కన ఒకటి పాకిపోతాయి. రాయి అందం కాస్తా చొక్కాల కొట్టు అయి కూర్చుంది.

శనివారం పొద్దున్నే ఆయన చేపల దుకాణానికి పరిగెత్తారు. ఆ దుకాణం నడిపేవాణ్ణి వీధివాళ్ళంతా 'మీనం' అని పిలుస్తారు. కళ్ళు గుండ్రంగా, మాట నెమ్మదిగా ఉండే మనిషి.

"వాటి జోలికి పోకండి సార్," అన్నాడు మీనం. "ఆ గుండీల్లో విషం ఉంటుంది. చేతికి తొడుగు, కళ్ళకి అద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. బ్రష్షుతో గీకకూడదు. వేణ్ణీళ్ళు అసలే పొయ్యకూడదు. మరిగించారో, ఆవిరితో పాటు ఆ విషం ఇల్లంతా కమ్ముకుంటుంది. రేపు నేనే వచ్చి తీసేస్తాను."

"రేపటికి డైరెక్టరు గారు వచ్చి వెళ్ళిపోతారయ్యా!"

"అయితే ఇవాళ్టికి అలాగే ఉండనివ్వండి సార్. చూడ్డానికి బాగానే ఉంటాయి." అంటూ జాగ్రత్తలన్నీ అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

డిప్యూటీ గారు కాగితాన్ని పైనుంచి కింది దాకా చూసి నవ్వారు. "ఏమోయ్, ప్రజా భద్రతా శాఖకే భద్రత నేర్పుతున్నావా?"

మధ్యాహ్నం మూడింటికి ఆయన వట్టి చేతులతో రాయిని బయటికి తీసి, వంటింట్లో పెద్ద గిన్నెలో పెట్టి, నీళ్ళు పోసి స్టవ్ వెలిగించారు. అరగంట మరిగిస్తే గుండీలన్నీ ఊడి రాయి తెల్లగా తళతళలాడుతుందని ఆయన అంచనా.

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కాగితం చదివారు. "దయచేసి వినండి, అల్లుడుగారూ. మరిగించకూడదు అని ఇందులో రాసి ఉంది. పెద్ద అక్షరాలతో రాసి ఉంది."

"అది ప్రజల కోసం అత్తయ్యగారూ," అన్నారు డిప్యూటీ గారు గరిటెతో రాయిని తిప్పుతూ. "మనం ప్రజలం కాదు. మనం శాఖ."

ఆవిరి పైకి లేచింది. దానికి ప్రజలెవరో శాఖ ఎవరో తెలియలేదు. ముందు ముగ్గురి నోళ్ళలోనూ ఇనప తాళంచెవి చప్పరించినట్టు చేదు రుచి తగిలింది. తర్వాత కళ్ళు మండాయి. ఆ తర్వాత దగ్గు. గంట తిరిగేసరికి డిప్యూటీ గారు దుప్పటి కప్పుకుని గజగజ వణుకుతున్నారు, పెదవులు మొద్దుబారి మాట ముద్దముద్దగా వస్తోంది. భార్య గోడకి ఆనుకుని ఊపిరి కోసం ఎగబీలుస్తోంది. స్టవ్ కట్టేసి, అంబులెన్సుకి ఫోన్ చేసింది అత్తగారే. ఆ దగ్గులోనూ ఇంటి నంబరు, వీధి మలుపు, మనుషుల సంఖ్య ఎంత స్పష్టంగా ప్రకటించారంటే, అవతలివాళ్ళు రెండోసారి అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "ఏం పీల్చారు?"

"సాధారణ గృహ వాతావరణం," అన్నారు డిప్యూటీ గారు.

పక్క మంచం మీద అత్తగారు ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, "పగడాలున్న రాయిని ఉడకబెట్టాడమ్మా" అని ప్రకటించి మళ్ళీ మాస్కు పెట్టుకున్నారు.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. "పాలిటాక్సిన్! పగడాల విషం! దీనికి విరుగుడు మందంటూ లేదండీ. ఊపిరి నిలబెడుతూ కనిపెట్టుకుని ఉండటమే. మీ ఆవిడ పరిస్థితి ఈ రాత్రి గడిస్తే గానీ చెప్పలేను."

డిప్యూటీ గారు భార్య ఛాతీ ఎగసి పడుతుంటే చూస్తూ, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. 'నేనే చేశాను, నేనే చేశాను' అని లోపల ఎవరో గొణుగుతున్నారు. సరిగ్గా అప్పుడే పూలగుత్తి పట్టుకుని డైరెక్టరు గారు ప్రవేశించారు.

"ఏమైందయ్యా? మీ ఇంటికి వెళ్తే తాళం! ఇక్కడున్నారని పక్కింటివాళ్ళు చెప్పారు."

లోపల గొణుగుతున్నవాడు చటుక్కున నోరు మూసుకున్నాడు. డిప్యూటీ గారు లేచి నిలబడ్డారు. "రాయి, సార్. శుభ్రతకు పరాకాష్ఠగా రాయిని మరిగించాను. కానీ ఆ దుకాణంవాడు అమ్మింది... కల్తీ రాయి సార్!"

"కల్తీ రాయా!" డైరెక్టరు గారు నివ్వెరపోయారు. పాలల్లో నీళ్ళు తెలుసు, కారంలో ఇటుకపొడి తెలుసు. రాయిలో కల్తీ! "ఇది జాతీయ స్థాయి సమస్యయ్యా!"

భార్య మూడోరోజుకి తేరుకుంది. ఈలోగా అన్నమాట ప్రకారం మీనమే వచ్చి, వంటింట్లో రాయిని జాగ్రత్తగా తీసి, డబ్బాలో మూతపెట్టి అప్పగించి వెళ్ళాడు. నాలుగోరోజున మీనం దుకాణానికి లక్కముద్ర పడింది. ఐదోరోజున, కల్తీ రాళ్ళపై ఏకసభ్య విచారణ సంఘం ఏర్పడింది. ఆ ఏకసభ్యుడుగా డిప్యూటీ గారినే వేశారు. "ప్రత్యక్ష అనుభవం ఉన్న అధికారి శాఖ మొత్తంలో మీరొక్కరేనయ్యా" అన్నారు డైరెక్టరు గారు.

విచారణ నిబంధనల ప్రకారం జరిగింది. విచారణాధికారి హోదాలో డిప్యూటీ గారు, బాధిత గృహస్థుకి రిజిస్టర్డ్ నోటీసు పంపారు. గృహస్థు హోదాలో ఇంట్లో సంతకం పెట్టి అందుకున్నారు. ఆరోగ్యం బాగాలేదు, పది రోజులు గడువు కావాలని జవాబు రాశారు. మర్నాడు ఆఫీసులో ఆ జవాబు చదివి, ఏడు రోజులే ఇచ్చారు. ఆ సంగతి ఇంట్లో తెలుసుకుని, "ఈ డిప్యూటీ ఎవడో మరీ కఠినుడే!" అని భార్య దగ్గర వాపోయారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఆయనతో మాట్లాడటం తగ్గించేసింది. ఊపిరి అందక కాదు.

గడువు ముగిసిన రోజున టైపిస్టు సమక్షంలో వాంగ్మూలం. డిప్యూటీ గారు బల్లకి ఇవతల కూర్చుని, "మీరు రాయిని మరిగించునపుడు అన్ని జాగ్రత్తలు తీసుకున్నారా?" అని అడిగి, లేచి, బల్ల చుట్టూ తిరిగి, అవతలి కుర్చీలో కూర్చుని, "తీసుకున్నాను" అన్నారు. మళ్ళీ ఇవతలికి వచ్చి, "ఈ సాక్షి విశ్వసనీయుడుగా కనబడుచున్నాడు అని రాయండి" అన్నారు టైపిస్టుతో.

తర్వాత అత్తగారిని పిలిచారు. "దుకాణం అబ్బాయి వద్దన్నాడు. కాగితం ఇచ్చాడు. నేనూ వద్దన్నాను. మా అల్లుడు వినలేదు." అంతే చెప్పారావిడ. బయట వీధిలో నడుస్తున్న వాళ్ళు ఆగి పైకి చూశారు.

డిప్యూటీ గారు చెమట తుడుచుకున్నారు. "సాక్షి వృద్ధురాలు. కంఠస్వరం బలహీనత వలన వాంగ్మూలం వినబడలేదు అని రాయండి."

టైపిస్టు వేళ్ళు కాసేపు గాల్లో ఆగి, తర్వాత కదిలాయి.

ఇక మిగిలింది మీనం. మనిషి సగమైపోయాడు. "సార్, నేను చెప్పలేదాండీ?"

"చెప్పినట్టు రికార్డులో లేదు."

"కాగితం ఇచ్చాను కదా సార్!"

"ఆఫీసుకి అందినట్టు దానికి ఇన్వర్డు నంబరు ఉందా?"

మీనం తల దించుకున్నాడు. "పోనీండి సార్. నా సంగతి వదిలెయ్యండి. ముద్ర వేసిన దుకాణంలో మూడొందల చేపలున్నాయి. వెనక వెంటిలేటరుకి నిచ్చెన వేసుకుని, అందినవాటికి మేత జల్లుతున్నాను. గోడ అవతలి తొట్లకి అందడం లేదు. రోజూ కొన్ని తేలిపోతున్నాయి. ఒక్క పది నిమిషాలు లోపలికి వెళ్ళనివ్వండి."

"నిబంధనల్లో చేపల ప్రస్తావన లేదోయ్" అన్నారు డిప్యూటీ గారు. అన్నారే గానీ, ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు. తమ హాల్లో చేపలకి మేత వేస్తున్న భార్య వెనక్కి తిరక్కుండానే అడిగింది: "ఏమండీ, ఆ అబ్బాయి మనకి చేసిన అపకారం ఏంటి? నిజం చెప్పడమా?"

ఆయన చేతిలో ఫైలు ముడి విప్పి, మళ్ళీ కట్టారు. అయినా మర్నాడు మధ్యంతర నివేదిక వెళ్ళింది. అందులో మొదటి వాక్యం ఇది: 'మరిగించుట శుభ్రతకు పరాకాష్ఠ; దోషము కేవలము రాయి కల్తీయందే కలదు.'

ఆ తర్వాతి సోమవారం డైరెక్టరు గారు ఆయన్ని గదిలోకి పిలిచి భుజం తట్టారు. "నివేదిక అద్భుతం! నేను ఏ నివేదికలోనైనా మొదటి వాక్యమే చదువుతాను. ఆ ఒక్క వాక్యంతోనే నా కళ్ళు తెరిపించావయ్యా. మా రాయికీ ఆ గుండీలు పట్టేశాయి. మాది పేరున్న దుకాణంలో కొన్న అసలు సిసలు రాయి, కల్తీకి అవకాశమే లేదు. ఇందాకే మా ఆవిడకి చెప్పాను. ఈపాటికి స్టవ్ మీద పెట్టేసి ఉంటుంది!"

డిప్యూటీ గారి కళ్ళ ముందు భార్య ఛాతీ ఎగసిపడటం, డాక్టరమ్మ మొహం మారటం, మాస్కు లోపల అత్తగారి దగ్గు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే...

"సార్! స్టవ్ కట్టెయ్యమనండి! అందర్నీ బయటికి వచ్చెయ్యమనండి!"

"ఎందుకయ్యా? మాది కల్తీ రాయి కాదని..."

"ఏ రాయీ కల్తీది కాదు సార్! కల్తీ రాయిలో లేదు. నా నివేదికలో ఉంది!"

డైరెక్టరు గారు ఫోను తీశారు. ఎంగేజు. ఆవిడ ఎవరినో అక్వేరియం చూడ్డానికి పిలుస్తున్నట్టుంది. మళ్ళీ ఎంగేజు. ఇద్దరూ కారెక్కారు. శాఖ వారి 'నిదానమే ప్రధానం' స్టిక్కరు అంటించిన ఆ కారు రెండు ఎర్ర దీపాలు దాటి, ఒక చెత్తకుండీని పడగొట్టి ఇంటి ముందు ఆగింది. కిటికీలోంచి ఆవిరి కనబడుతోంది. డైరెక్టరు గారి భార్య గుమ్మంలో నిలబడి, ఫోను చెవికి పెట్టుకునే దగ్గుతోంది. డిప్యూటీ గారు ఆవిణ్ణి, లోపలున్న డైరెక్టరు గారి ముసలితల్లిని కేకలేసి వీధిలోకి రప్పించారు. ఇంటి వెనక్కి పరిగెత్తి, బయట గోడ దగ్గరున్న సిలిండరు కట్టేశారు. ఆయన జీవితంలో నిజంగా చేసిన మొట్టమొదటి భద్రతా చర్య అదే. చూడ్డానికి ప్రేక్షకులు లేరు.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఒక రోజు దగ్గు, కాస్త జ్వరం. గండం గడిచింది. కానీ వంటింట్లో రాయి గిన్నెలో అలాగే ఉంది. దాన్ని తీసే ధైర్యం శాఖలో ఎవరికీ లేదు. చివరికి మీనానికి కబురు పెట్టారు.

"వస్తాను సార్," అన్నాడు మీనం. "కానీ తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కు అన్నీ దుకాణం లోపల ఉన్నాయి. దుకాణానికి మీరే ముద్ర వేశారు."

డైరెక్టరు గారు స్వయంగా వెళ్ళి స్వహస్తాలతో లక్కముద్ర పగలగొట్టారు. మీనం ముందు చేపలకి మేత వేశాడు. డైరెక్టరు గారు బయట అరగంట నిలబడ్డారు. తర్వాత వాడు నిలువెల్లా తొడుక్కుని వెళ్ళి, ఇల్లంతా గాలి ఆడనిచ్చి, రాయిని గిన్నెతో సహా బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, మూత పెట్టి పట్టుకుపోయాడు. ఒకసారి డైరెక్టరే పగలగొట్టిన ముద్రని మళ్ళీ వెయ్యడానికి నిబంధన ఏదీ దొరక్కపోవడంతో దుకాణం తెరిచే ఉండిపోయింది.

ఆ సాయంత్రం డిప్యూటీ గారు టైపిస్టుని కూర్చోబెట్టి తుది నివేదిక చెప్పారు. "మొదటి వాక్యం రాయమ్మా. 'రాయిని మరిగించినవాడను నేనే. దుకాణదారు వద్దని చెప్పెను, కాగితము కూడా ఇచ్చెను.'" టైపిస్టు ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇంటికి వెళ్ళి ఆ మాట చెబితే, చాలా రోజుల తర్వాత భార్య ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగింది.

డైరెక్టరు గారు మొదటి వాక్యం చదివారు. అలవాటు తప్పి రెండోదీ చదివారు. అందులో ఆయన ఇంటి చిరునామా ఉంది. చివరిదాకా చదివి, తలుపు గడియ వేసి వచ్చారు.

"నువ్వు మరిగించావని రాస్తే, మరి నేనూ మరిగించినట్టే కదయ్యా?"

"అవును సార్."

"దుకాణంవాడి తప్పు లేదంటావు."

"లేదు సార్."

"నీ తప్పు అంటే నా తప్పు. నా తప్పు అంటే శాఖ తప్పు. శాఖ తప్పంటే ప్రజలకి భద్రత మీద నమ్మకం పోతుంది. ప్రజల కోసమైనా మనం నిర్దోషులం కావాలి!" అంటూ కలం తీసి, ఒక్క వాక్యం కొట్టేసి, ఇంకో వాక్యం రాశారు. "సంతకం పెట్టు. పెడితే జాయింట్ డైరెక్టరువి. పెట్టకపోతే, నూటపద్నాలుగు సభల్లో నువ్వేం మాట్లాడావో అందరికీ గుర్తుంది."

డిప్యూటీ గారు కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ నిలబడటం చూసుకుని తన మీద తనకే గౌరవం కలిగింది. తర్వాత సంతకం పెట్టారు.

మర్నాడు ఆ ఉత్తర్వు పేపర్లో వచ్చింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని హాల్లో కూర్చుని చదివారు. ఆవిడ చదివితే నాలుగిళ్ళ అవతల దాకా చదివినట్టే.

"దయచేసి వినండి. 'సమగ్ర విచారణ మీదట తేలినది ఏమనగా, సదరు రాయి ఎవరి ప్రోద్బలమూ లేకుండా, తనంతట తానే మరిగినది. కావున ఈ విషయమున ఏ వ్యక్తినీ బాధ్యుని చేయజాలము. సదరు రాయిని నిర్బంధములోనికి తీసికొని రికార్డు గదిలో భద్రపరచడమైనది.'"

భార్య చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అత్తగారు పేపరు మడతపెట్టారు. "అల్లుడుగారూ, అంతా బాగానే ఉంది. మరి ఆ రాయి గిన్నెలోకి ఎలా ఎక్కింది?"

"దానికి వేరే కమిటీ వేశారండీ, అత్తయ్యగారూ."

"అధ్యక్షులెవరు?"

జాయింట్ డైరెక్టరు గారు చేపల వంక చూస్తూ గొంతు సవరించుకున్నారు.

"నేనేనండీ."